మీ ప్రశ్న – నా జవాబు: నాలుగు ఉత్తరాలు, ఒకే కార్ల్ షుర్జ్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒక నాలుగింటికి ఒకదానికొకటి సంబంధమే లేదు. ఒకాయన పార్కు గురించి అడిగారు, ఒకమ్మాయి పోటీ పరీక్షల గురించి, ఒకావిడ కొడుకు సిటిజన్‌షిప్ గురించి, ఒక లా స్టూడెంట్ కోర్టు తీర్పు గురించి. జవాబులు వెతుక్కుంటూ పోతే నాలుగు చోట్లా ఒకే మనిషి ఎదురయ్యాడు. అందుకే నాలుగూ కలిపి ఇచ్చేస్తున్నా, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, మీ వంతు వచ్చే వారం.

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ టీచర్ని, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మొన్న ఎండాకాలం న్యూయార్క్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. రోజూ పొద్దున్నే మనవణ్ణి తీసుకుని నది ఒడ్డున కార్ల్ షుర్జ్ పార్క్ అని ఉంటే అక్కడికి వెళ్లేవాణ్ణి. ఎవర్రా ఈయన అని మావాణ్ణి అడిగితే ఎవరో జర్మన్ నాన్నా అని ఊరుకున్నాడు. ఎవరండీ ఆయన? జర్మన్ పేరు అక్కడి పార్కుకి ఎందుకు పెట్టారు?

జవాబు: మాస్టారూ, మీరు వాకింగ్ చేసింది మంచి చోటే. న్యూయార్క్ మేయర్ ఉండే గ్రేసీ మాన్షన్ ఆ పార్కులోనే ఉంది చూసే ఉంటారు. ఆ చుట్టుపక్కల యార్క్‌విల్ అనే ఏరియా ఒకప్పుడు జర్మన్ వాళ్ల అడ్డా, అందుకే వాళ్లు గర్వపడే మనిషి పేరు అక్కడ పెట్టుకున్నారు. మీ అబ్బాయి చెప్పింది తప్పేం కాదు గానీ ఎవరో జర్మన్ అని వదిలేసే మనిషి కాదీయన. లాయరు, లింకన్ పంపిన రాయబారి, సివిల్ వార్‌లో (బానిసత్వం గొడవతో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) మేజర్ జనరల్, సెనేటర్, కేంద్రంలో మంత్రి, పత్రికలకి ఎడిటరు. ఇదంతా చేసినవాడు అమెరికాలో దిగేనాటికి ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఇంగ్లీష్ రాదు, పైగా సొంత దేశంలో పోలీసులు వెతుకుతున్న మనిషి.

మొదట్నుంచి చెప్తా, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. 1829 మార్చి 2న కొలోన్ దగ్గర లిబ్లార్ అనే ఊళ్లో పుట్టాడు, తండ్రి మీలాగే బడిపంతులు. బాన్ యూనివర్సిటీలో చదువుతుండగా గాట్‌ఫ్రీడ్ కింకెల్ అనే ప్రొఫెసర్‌కి శిష్యుడయ్యాడు. 1848లో యూరప్‌లో సగం దేశాల్లో జనం రాజుల మీద తిరగబడితే ఈ గురుశిష్యులు కూడా అందులో దూకేశారు, ముందు పేపరు నడిపారు, తర్వాత తుపాకులే పట్టారు. 1849లో కింకెల్ గాయపడి ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం) సైన్యానికి దొరికిపోయాడు, షుర్జ్ రాస్టాట్ కోటలో చిక్కుకుపోయాడు, జూలైలో ఆ కోట లొంగిపోయింది. ఈయన ప్రష్యా రాజ్యం మనిషే కాబట్టి దొరికితే కాల్చేస్తారని భయం. ఇంకో ఇద్దరితో కలిసి కోట కింద ఉన్న మురుగుకాలవలోకి దిగాడు, తీరా అవతలి కొస దాకా పోతే అక్కడ కాపలా, మళ్లీ వెనక్కి పాకాల్సి వచ్చింది. ఒక షెడ్డులో అటకెక్కి దాక్కుంటే సరిగ్గా దాని కిందే ప్రష్యా సైనికులు వచ్చి మకాం పెట్టారు, ఇంక చూడండి, తిండి లేదు నీళ్లు లేవు, తుమ్మొచ్చినా అంతే సంగతులు. చివరికి రెండోసారి అదే కాలవలోంచి పాక్కుంటూ బయటపడి, రైన్ నది దాటి ఫ్రాన్స్‌లో తేలాడు, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్.

బతికిపోయాంరా బాబూ అనుకుని ఇంకొకడైతే అక్కడే సెటిల్ అయిపోయేవాడు. ఈయన వెనక్కి వెళ్లాడు! కింకెల్‌కి యావజ్జీవం వేసి, బెర్లిన్ పక్కన స్పాండావ్ జైల్లో పెట్టి, కవిత్వం రాసుకునే ప్రొఫెసర్ చేత ఉన్ని దారం చుట్టిస్తున్నారు. షుర్జ్ వేరే పేరున్న పాస్‌పోర్టుతో ప్రష్యాలో దూరి, కింకెల్ అభిమానులు పోగుచేసిన డబ్బుతో బ్రూనే అనే జైలు వార్డరుని ఒప్పించాడు. 1850 నవంబర్‌లో ఒక రాత్రి అంతా సిద్ధం చేసుకుని వస్తే, సమయానికి గది తాళంచెవి ఉండాల్సిన చోట లేదు, ప్లాన్ ఫట్. వార్డరు భయపడి తప్పుకుంటాడనుకుంటే లేదు, మర్నాడు రాత్రి తనే తాడు కట్టి పైకప్పు కిటికీలోంచి కింకెల్‌ని కిందికి దించాడు, కింద వీధిలో శిష్యుడు నిలబడి అందుకున్నాడు. రాత్రికి రాత్రే గుర్రబ్బండిలో సరిహద్దు దాటించి, రోస్టాక్ రేవుకి చేర్చి, ఓడెక్కించి స్కాట్లాండ్ పట్టుకుపోయాడు. శిష్యుడి వయసు అప్పటికి ఇరవై ఒకటి. గురుదక్షిణ అంటే అది మాస్టారూ!

(మన దగ్గర 1857లో కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ కూడా 1859లో జైలు నుంచి తప్పించుకున్నాడు, కానీ ఆయన్ని దాటించడానికి దగ్గర్లో రేవూ లేదు ఓడా లేదు, కొద్ది రోజుల్లోనే తూప్రాన్ వైపు పట్టుకుని చంపేశారు. తప్పించుకోవడం ఒకెత్తు, తప్పించుకున్నాక పోవడానికి చోటుండటం ఇంకో ఎత్తు.)

1852లో లండన్‌లో మార్గరెతే అనే హాంబర్గ్ అమ్మాయిని పెళ్లి చేసుకుని అదే ఏడాది అమెరికా ఓడెక్కాడు. ఫిలడెల్ఫియాలో ఇంగ్లీష్ నేర్చుకున్న పద్ధతి మాత్రం అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిందే: రోజూ పేపరు మొత్తం చదవడం, ఎడిటోరియల్ నుంచి అడ్వర్టైజ్‌మెంట్ల దాకా, తెలియని మాట వస్తే వదలకుండా డిక్షనరీ చూడటం, ఆ తర్వాత మంచి ఇంగ్లీష్ వచనం తీసుకుని జర్మన్‌లోకి మార్చి, తన జర్మన్‌ని మళ్లీ ఇంగ్లీష్‌లోకి మార్చి, అసలుతో పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా కొట్టిందో చూసుకోవడం. కొన్నేళ్లకి ఆయన ఇంగ్లీష్ ఉపన్యాసానికి జనం విరగబడి వచ్చేవాళ్లు. భార్య మార్గరెతే కూడా తక్కువేం కాదు, విస్కాన్సిన్‌లో వాటర్‌టౌన్ అనే ఊళ్లో 1856లో చిన్న పిల్లలకి జర్మన్‌లో బడి పెట్టింది, అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్ అదే.

1858లో లింకన్‌ని మొదటిసారి ఒక రైల్లో కలిశాడు, 1860 ఎలక్షన్లో జర్మన్ ఓటర్ల దగ్గరికి ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. లింకన్ గెలిచి స్పెయిన్‌కి రాయబారిగా పంపాడు. దేశంలో యుద్ధం జరుగుతుంటే మాడ్రిడ్‌లో విందులేంటని అక్కడ ఎక్కువకాలం ఉండలేదు, అయినా ఆ కొద్ది కాలంలోనే ఒక మంచి సలహా పంపాడు: ఈ యుద్ధం బానిసత్వాన్ని తీసేయడానికే అని ప్రకటించండి, అప్పుడు యూరప్‌లో ఏ ప్రభుత్వానికీ దక్షిణాదికి వత్తాసు పలికే ధైర్యం ఉండదు అని. 1862లో తిరిగొచ్చి బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. జనరల్‌గా మరీ గొప్పోడని నేను అనను, రాజకీయ పలుకుబడితో ర్యాంకులొచ్చిన వాళ్లలో ఆయనా ఒకడు. కానీ 1863 మేలో చాన్సలర్స్‌విల్ దగ్గర మన కుడివైపు ఖాళీగా ఉంది సార్, అడవిలోంచి వచ్చి పడతారు అని పైవాళ్లకి చెప్తే వాళ్లు పట్టించుకోలేదు, సాయంత్రానికి దక్షిణాది జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ సరిగ్గా అటునుంచే వచ్చి పడ్డాడు. తర్వాత పేపర్లన్నీ ఏం రాశాయి? జర్మన్లు పారిపోయారు అని. బయటినుంచి వచ్చినవాడి మీద నెపం నెట్టడం ఎంత ఈజీనో చూడండి. తర్వాత జూలైలో గెటిస్‌బర్గ్‌లో కూడా పోరాడాడు.

ఇక నా లెక్కలో ఆయన చేసిన అన్నింటిలోకి పెద్ద పని కత్తితో చేసింది కాదు, కలంతో చేసింది. 1865లో యుద్ధం అయిపోయింది, లింకన్ హత్య జరిగింది, కొత్త ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ దక్షిణాది ఎలా ఉందో చూసి రమ్మని ఈయన్ని పంపాడు. సౌత్ కరోలినా, జార్జియా, అలబామా, మిసిసిపీ, లూసియానా తిరిగి ఈయన చూసింది చూసినట్టు రాశాడు: బానిసత్వం కాగితం మీద పోయింది గానీ యజమానుల బుర్రల్లోంచి పోలేదు, నల్లవాళ్లని కొట్టడం చంపడం ఇంకా మామూలే, వాళ్లకి ఓటు హక్కు ఇవ్వకపోతే ఆ స్వేచ్ఛ నిలబడదు. జాన్సన్‌కి కావాల్సింది అంతా బాగుంది అనే రిపోర్టు. ఇది చూసి మొహం మాడ్చుకుని పక్కన పడేశాడు, సెనేట్ అడిగి మరీ తెప్పించుకుని అచ్చు వేయించింది. పంపినవాడికి నచ్చే రిపోర్టు రాయడం ఎంత తేలికో ఏ ఆఫీసులో పనిచేసినవాళ్లకైనా తెలుసు కదా.

తర్వాత సెయింట్ లూయిస్‌లో జర్మన్ పేపరు నడిపాడు, జోసెఫ్ పులిట్జర్ అనే కుర్రాడు రిపోర్టరుగా చేరింది ఆ పేపర్లోనే, ఇప్పుడు ఆయన పేరు మీదే జర్నలిజం ప్రైజులు ఇస్తున్నారు. 1869లో మిస్సోరీ నుంచి సెనేటర్ అయ్యాడు, జర్మనీలో పుట్టి సెనేట్‌లో కూర్చున్న మొదటివాడు. అక్కడ సొంత పార్టీ ప్రెసిడెంట్ గ్రాంట్‌తోనే తగువు. 1906 మే 14న న్యూయార్క్‌లో చనిపోయాడు. మధ్యలో నేను చెప్పకుండా వదిలేసిన మంత్రి పదవి సంగతి కింద ఉత్తరాల్లో వస్తుంది.

ప్రశ్న: సార్ నమస్తే. మాది కరీంనగర్, అశోక్‌నగర్‌ల హాస్టల్‌ల ఉండి గ్రూప్-1కు చదువుతున్న. పొద్దంత చిక్కడపల్లి లైబ్రరీలనే ఉంట. వాయిదాల మీద వాయిదాలు, ఇంట్ల పెళ్లి సంబంధాలు చూస్తుండ్రు. మా నాన్న అంటడు, మా కాలంల లీడర్ చిట్టీ ఉంటె నౌకరి అయ్యేది, గదే నయముండె అని. అమెరికాల సర్కార్ నౌకరికి ఎగ్జామ్ ఎప్పుడొచ్చింది సార్? అంతకుముందు ఎట్లుండె?

జవాబు: చెల్లీ, అంతకుముందు అచ్చం మీ నాన్నగారు చెప్పినట్టే ఉండేది. ఎలక్షన్ గెలిచిన పార్టీ పోస్ట్‌మాస్టర్ దగ్గర్నుంచి గుమాస్తా దాకా పాతవాళ్లని పీకేసి తన మనుషుల్ని పెట్టుకునేది, పైగా ఆ ఉద్యోగులు జీతంలోంచి పార్టీకి చందా కట్టాలి, కట్టకపోతే మళ్లీ ఇంటికే. ప్రెసిడెంట్ అయినవాడికి మొదటి కొన్ని నెలలు ఉద్యోగం అడిగేవాళ్లని కలవడంతోనే సరిపోయేది.

1877లో ప్రెసిడెంట్ హేస్ కార్ల్ షుర్జ్‌ని ఇంటీరియర్ శాఖకి మంత్రిని చేశాడు. ఇది మన హోం శాఖ లాంటిది కాదు, పోలీసులూ గట్రా ఏమీ ఉండరు, ప్రభుత్వ భూములు, అడవులు, ఆదివాసీల వ్యవహారాలు, పెన్షన్లు, పేటెంట్లు అన్నీ దీని కిందే. లంచాలకి పేరుమోసిన శాఖ. షుర్జ్ వెళ్లి ఊరికే ఎవర్నీ పీకను, ఊరికే ఎవర్నీ తీసుకోను అన్నాడు, తన శాఖ వరకు పరీక్షలు పెట్టించాడు, ఆదివాసీల విభాగంలో తిన్నవాళ్ల మీద ఎంక్వైరీ వేసి సాగనంపాడు. సొంత పార్టీ వాళ్లే తిట్టుకున్నారు, ఇంతోటిదానికి గెలవడం దేనికి అని.

దేశమంతటికీ చట్టం రావడానికి మాత్రం ఒక ప్రాణం పోవాల్సొచ్చింది. చార్లెస్ గిటో అనే ఒకడు, నా ప్రచారం వల్లే గార్ఫీల్డ్ గెలిచాడు, నాకు పారిస్‌లో కాన్సుల్ పోస్టు ఇవ్వాల్సిందే అని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇవ్వకపోయేసరికి 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో ప్రెసిడెంట్‌నే కాల్చాడు. గార్ఫీల్డ్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఆ దెబ్బకి 1883 జనవరి 16న పెండిల్టన్ చట్టం వచ్చింది: పరీక్ష పాసైతేనే ఉద్యోగం, పార్టీ చందా అడగకూడదు. తమాషా ఏంటంటే దాని మీద సంతకం పెట్టిన ప్రెసిడెంట్ ఆర్థర్ ఆ పాత సిస్టమ్‌లోనే పైకొచ్చినవాడు, న్యూయార్క్ కస్టమ్స్ హౌస్‌లో ఆయన్ని హేస్ పదవిలోంచి తీసేశాడు కూడా. మొదట్లో ఆ చట్టం సుమారు పదో వంతు ఉద్యోగాలకే వర్తించింది, మిగతావి ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయారు, దానికోసం ఒత్తిడి తెచ్చిన నేషనల్ సివిల్ సర్వీస్ రిఫార్మ్ లీగ్‌కి 1892 నుంచి 1900 దాకా ప్రెసిడెంట్ మళ్లీ షుర్జే.

ఇంకోటి నోట్స్‌లో రాసుకో, ఇండియాలో సివిల్ సర్వీస్ ఉద్యోగాలకి లండన్‌లో పోటీ పరీక్ష 1855లోనే మొదలైంది, అంటే అమెరికా కంటే ఇరవై ఎనిమిదేళ్లు ముందు. అమెరికా వాళ్లు చట్టం చేసే ముందు బ్రిటిష్ పద్ధతినే కూర్చుని స్టడీ చేశారు. మీ నాన్నగారికి కూడా చెప్పు, చిట్టీల కాలంలో చిట్టీ దొరకనివాడు ఏమయ్యేవాడో ఎవరూ రాసి పెట్టలేదు, అందుకే ఆ కాలం బాగున్నట్టు ఉంటుంది. పెళ్లి సంబంధాల సంగతి నేను మాట్లాడను, అది నా సిలబస్ కాదు.

ప్రశ్న: నమస్తే అండీ, కూకట్‌పల్లి నుంచి రాస్తున్నాను. మా బాబు డల్లాస్‌లో ఉంటాడు, వీసా కోసం చిలుకూరులో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశాను, ఇప్పుడు గ్రీన్ కార్డు కూడా వచ్చింది. సిటిజన్‌షిప్ తీసుకుంటాడట. అక్కడ ఎంత ఎదిగినా బయటివాడే కదా, రాజకీయాల్లోకి వెళ్తే ఎంతవరకు వెళ్లగలడండీ? వాళ్ల నాన్న నవ్వుతున్నారు గానీ నాకు తెలుసుకోవాలని ఉంది.

జవాబు: ఆయన్ని నవ్వనివ్వండమ్మా. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసుకోవచ్చు. సిటిజన్ అయ్యి ఏడేళ్లయితే హౌస్‌కి (మన లోక్‌సభ లాంటిది), తొమ్మిదేళ్లయితే సెనేట్‌కి పోటీ చేయొచ్చు. మంత్రి కావచ్చు, రాయబారి కావచ్చు, జనరల్ కావచ్చు, పైన చెప్పిన షుర్జ్ ఇవన్నీ అయ్యాడు. హెన్రీ కిసింజర్, మెడలీన్ ఆల్‌బ్రైట్ కూడా వేరే దేశాల్లో పుట్టి విదేశాంగ మంత్రులైనవాళ్లే. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ పదవులకి మాత్రం పుట్టుకతోనే అమెరికా పౌరుడై ఉండాలి, అక్కడ ఎవరికైనా తలుపు మూసే ఉంటుంది, షుర్జ్‌కీ అంతే. మీకు మనవడో మనవరాలో అక్కడ పుడితే అప్పుడు చూసుకుందాం.

షుర్జ్ 1857లో విస్కాన్సిన్ రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. అదే పదవి మేరీలాండ్ రాష్ట్రంలో 2023లో చేపట్టింది ఎవరో తెలుసా, అరుణా మిల్లర్, పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఈ ముక్క బాబు వాళ్ల నాన్నగారికి చదివి వినిపించండి.

ఒక్క విషయం మర్చిపోవద్దు, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అక్కడ ప్రమాణం చేశాక ఇక్కడి పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, ఓసీఐ కార్డు తీసుకుంటే రావడం పోవడం ఇబ్బంది ఉండదు గానీ ఇక్కడ ఓటు ఉండదు. ఇక భాష గురించి మీరు అడగలేదు గానీ చెప్తా, షుర్జ్ జీవితాంతం జర్మన్ వదల్లేదు. ముసలితనంలో ఆత్మకథ రాసుకుంటూ కుర్రతనం కథ జర్మన్‌లో, అమెరికా వచ్చాక కథ ఇంగ్లీష్‌లో రాశాడు.

ప్రశ్న: సర్, నేను ఉస్మానియాలో లా సెకండియర్. ఒక ఆదివాసీ 'చట్టం ముందు మనిషే' అని అమెరికాలో కోర్టు తీర్పు ఇచ్చిందని క్లాసులో విన్నాను. అంటే అంతకుముందు మనిషి కాదా? కేసు వివరాలు చెప్తారా?

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పై ముగ్గురికీ చెప్పిన హీరో బోనులో నిలబడాల్సి వస్తుంది. నెబ్రాస్కా వైపు నియోబ్రారా నది ఒడ్డున పోంకా అనే ఆదివాసీ తెగ ఉండేది, ప్రభుత్వంతో పేచీ పెట్టుకున్నవాళ్లు కూడా కాదు. వాళ్ల భూమిని పొరపాటున ఒక ఒప్పందంలో సూ తెగకి రాసిచ్చేశారు, 1877లో ఆ పొరపాటు దిద్దాల్సింది పోయి పోంకాలనే బలవంతంగా దక్షిణాన ఇండియన్ టెరిటరీకి (ఇప్పటి ఓక్లహోమా) తోలేశారు. తరలించాలన్న నిర్ణయం షుర్జ్ రాకముందే జరిగింది, నిజమే, కానీ అమలైంది ఆయన మంత్రిగా ఉండగానే. దారిలోనూ అక్కడికి చేరాకా జబ్బులతో ఎంతోమంది పోయారు. వాళ్ల నాయకుడు స్టాండింగ్ బేర్ కొడుకు కూడా పోయాడు, నన్ను మన ఊళ్లోనే పూడ్చు నాన్నా అని మాట తీసుకుని.

ఆ తండ్రి 1879 జనవరిలో, గడ్డకట్టే చలిలో, కొడుకు ఎముకలు బండిలో పెట్టుకుని కొద్దిమందితో ఉత్తరానికి బయల్దేరాడు. అనుమతి లేకుండా రిజర్వేషన్ (ఆదివాసీలు ఉండాలని ప్రభుత్వం గీసిచ్చిన ప్రాంతం) దాటారని సైన్యం వాళ్లని పట్టుకుంది, పట్టుకోమన్న ఆర్డరు షుర్జ్ శాఖదే. పట్టుకున్న జనరల్ క్రూక్‌కే మనసొప్పక ఒమాహా పేపరు మనిషికి కబురందేలా చేశాడు, లాయర్లు ఫీజు లేకుండా హేబియస్ కార్పస్ (పట్టుకున్నవాళ్లని కోర్టు ముందుకి తెచ్చి కారణం చూపించమనే పిటిషన్) వేశారు. ప్రభుత్వ వకీలు వాదన ఏంటంటే ఆదివాసీ అనేవాడు చట్టప్రకారం 'వ్యక్తి' కాదు కాబట్టి ఆ పిటిషన్ వేసే హక్కే లేదని! 1879 మేలో జడ్జి డండీ ఆ వాదన కొట్టేసి, వ్యక్తే, వదిలేయండి అన్నాడు. స్టాండింగ్ బేర్ వర్సెస్ క్రూక్, నీ నోట్స్‌కి పేరు ఇదీ. ఇందులో పౌరసత్వం ఇవ్వలేదని గుర్తుపెట్టుకో, ఆదివాసీలందరికీ అది 1924లో వచ్చింది.

షుర్జ్‌ని ఏమనాలి మరి? ఆదివాసీల శాఖని సైన్యానికి అప్పగించేద్దాం అని పెద్ద గొడవ జరుగుతుంటే అడ్డుపడి ఆపింది ఆయనే, తిన్న ఏజెంట్లని తీసేసింది ఆయనే. కానీ నల్లవాళ్ల విషయంలో ఊరూరా తిరిగి వాళ్ల మాట విన్న మనిషి ఆదివాసీల విషయంలో మాత్రం వాళ్లకేది మంచిదో నాకు తెలుసు అనుకున్నాడు, వాళ్లు తెల్లవాళ్లలా రైతులై, బట్ట కట్టి, ఇంగ్లీష్ చదవాలన్నాడు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పెంచిన కార్లైల్ బోర్డింగ్ స్కూల్ 1879లో మొదలైంది ఆయన హయాంలోనే. తను మాత్రం రెండు భాషలూ ఉంచుకుని, వాళ్లకి ఆ అవకాశం ఇవ్వలేదు, నాకు మింగుడుపడనిది అదే. పోంకాలకి అన్యాయం జరిగిందని ఆయనా ఒప్పుకున్నాడు గానీ వెనక్కి పంపడానికి మాత్రం బిగుసుకు కూర్చున్నాడు, పంపితే మిగతా తెగలూ అడుగుతాయని. పేపర్లలో రచయిత్రి హెలెన్ హంట్ జాక్సన్ ఆయన్ని దులిపేసింది. చివరికి 1881లో కాంగ్రెస్ నష్టపరిహారం ఇచ్చింది, ఉత్తరానికి వచ్చేసినవాళ్లు స్టాండింగ్ బేర్‌తో పాటు నియోబ్రారా దగ్గరే ఉండిపోయారు.